ననిహాల్ నుంచి ఫాంహౌస్ దాకా: పల్లెలో మన సెలవులు

పరీక్షలు అయిపోయిన మరునాటి నుంచి ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఈసారి ఊరికి ఎప్పుడు వెళ్తున్నాం?" ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవలసిన పని ఉండేది కాదు. ఊరంటే నానీ ఇల్లు, తల్లి పుట్టిపెరిగిన చోటు. ఉర్దూలో దానికి 'ననిహాల్' అనే చక్కని మాట ఉంది. తండ్రి వైపు ఇల్లు 'దదిహాల్'. వేసవి సెలవుల్లో సగం ననిహాల్‌కు, మిగిలిన సగం దదిహాల్‌కు అని పంచుకునేవారు. మామూ వచ్చి తీసుకెళ్ళేవాడు, చచ్చా వచ్చి దింపిపోయేవాడు.

నేడు అదే ప్రశ్నకు జవాబు చెప్పడానికి చాలామంది తల్లిదండ్రులు ఆలోచనలో పడుతున్నారు. నానీ కూడా పట్నానికే వచ్చేసింది. ఊళ్ళో ఇంటికి తాళం పడింది, లేదా అమ్ముడుపోయింది. అయినా మనసు పచ్చదనం కోరుతుంది. అందుకే ఒక ఆదివారం నాలుగు కుటుంబాలు కలిసి, తలా కొంత వేసుకుని, పట్నం శివార్లలో ఒక ఫాంహౌస్ అద్దెకు తీసుకుంటాయి. పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొస్తాయి. ఇదీ ఈనాటి 'ఊరు'.

ఈ మార్పును తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. విహారం, వినోదం ధర్మసమ్మతమైన విషయాలే. అయితే ముందు మనం మనుషుల దగ్గరికి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు స్థలం దగ్గరికి వెళ్తున్నాం. ఈ తేడాలో మనం పోగొట్టుకుంటున్నదేమిటి? మనం వెళ్ళిన పల్లెకు కలుగుతున్న నష్టమేమిటి? ఈ రెండు ప్రశ్నలను సెలవుల ముందే ప్రతి కుటుంబమూ ఆలోచించుకోవడం మంచిది.

వెలిమెల దారిలో

ఈ మార్పును కళ్ళారా చూడాలంటే వెలిమెల పరిసరాలకు మించిన చోటు లేదు. సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలోని ఈ గ్రామం చార్మినార్ నుంచి నలభై కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఒకవైపు కొల్లూరు, మరోవైపు నాగులపల్లి, కొండకల్, ఇంకాస్త ముందుకు వెళ్తే మోకిల, శంకరపల్లి. 1874లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా వేసిన రైలుమార్గం ఈ పక్కనుంచే పోతుంది. ప్యాసింజరు బండి ఎక్కి, నాగులపల్లిలోనో శంకరపల్లిలోనో దిగి, బుట్టలు నెత్తిన పెట్టుకుని బంధువుల ఊళ్ళకు నడిచి వెళ్ళిన తరం ఇంకా మన మధ్య ఉంది.

ఆ రోజుల్లో ఇవన్నీ మెదక్ జిల్లా పల్లెలు. జొన్న, కంది, శనగ పండే నేలలు. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర మెట్టపంటల పరిశోధనకు ఇక్రిశాట్ వెలిసింది. ఆ దశాబ్దం నుంచే పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు వరుసగా లేచాయి. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ పల్లెలను పట్నం గుమ్మంలోకి తెచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 2018లో వెలిమెల తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిసింది. పొలం ప్లాటు అయింది, ప్లాటు విల్లా అయింది. అక్కడక్కడా మిగిలిన మామిడితోటలు, జామతోటలు ప్రహరీ గోడలు కట్టుకుని ఫాంహౌసులయ్యాయి.

నిన్న ఆ తోటలో పంట పండించిన రైతు కుటుంబమే నేడు అదే గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్న సందర్భాలు ఈ ప్రాంతంలో అరుదు కాదు. భూమి అమ్మిన డబ్బుతో బాగుపడ్డవారూ ఉన్నారు, ఆ డబ్బు నిలవక కూలికి మళ్ళినవారూ ఉన్నారు. ఆదివారం పూట కారు దిగి "చాచా, గేటు తీయండి" అని మనం పిలిచే పెద్దాయన ఒకనాటి మన ఆతిథేయుడు కావచ్చు. ఈ సంగతి గుర్తుంటే మన మాటతీరులో మర్యాద దానంతటదే వస్తుంది.

కాలాన్ని బట్టి పల్లె రుచి

పల్లెకు వెళ్ళాలనే కోరికలో నాలుక పాత్ర తక్కువేమీ కాదు. మన పెద్దలకు నెలలు గుర్తుండేది పళ్ళను బట్టే. పుష్యమాసపు చలిలో రేగుపళ్ళు. శనగచేను కాయ పట్టిన వేళ మొక్కలతో సహా మంటలో కాల్చి, చేతులు నల్లబడేలా ఒలుచుకుని తినే పచ్చిశనగలు. ఎండలు ముదిరాక తాటిముంజలు, ఈతపళ్ళు, మామిడి. తొలకరికి ముందు చింతచిగురు. దాన్ని మాంసంలో వేసి వండితే దక్కను ముస్లిం ఇళ్ళలో ఆ రోజు పండుగే. వానల్లో కాల్చిన మక్కబుట్టలు, దసరా దాటాక సీతాఫలాలు. ఇవన్నీ ఇప్పుడు రైతుబజారులోనూ దొరుకుతాయి. కానీ చెట్టు కింద నిలబడి, ఏది పండిందో ఏది పండలేదో మామూని అడిగి తెలుసుకుని కోసుకున్న పండు వేరు, కిలో లెక్కన తూకం వేయించుకున్న పండు వేరు.

ప్రయాణానికి ఇంటినుంచి కట్టుకెళ్ళే భోజనాన్ని ఉర్దూలో 'తోషా' అంటారు. రొట్టెలు, వేయించిన ఖీమా, ఉడికించిన కోడిగుడ్లు, మామిడి అచార్. చెట్టు నీడలో జంపఖానా పరిచి, దాని మీద దస్తర్‌ఖాన్ వేసి, పిన్నలూ పెద్దలూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవారు. కార్తీకమాసంలో హిందూ సోదరులు ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేసుకున్నట్టే మన కుటుంబాలూ గండిపేటకో, ఊరి బయట తోటకో వెళ్ళేవి. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, అటువంటి విపత్తు మళ్ళీ రాకూడదని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి, తాగునీటికి కట్టిన ఆ చెరువుల గట్లే పట్నవాసుల విహారస్థలాలయ్యాయి. కొత్తూరు వైపు జహంగీర్‌పీర్ దర్గాకు వెళ్ళి, అక్కడే వండుకుని, బంధువులందరూ కలిసి తిని వచ్చే ఆనవాయితీ కూడా ఉంది. దానికి ముస్లింలతో పాటు హిందూ కుటుంబాలూ వస్తాయి.

శుక్రవారపు సెలవు, చంద్రుడి సెలవు

సెలవు అనేదే కాలంతో పాటు మారుతూ వచ్చింది. నిజాం రాజ్యంలో వారపు సెలవు శుక్రవారం. జుమా నమాజు తర్వాత కుటుంబాలు బంధువుల ఇళ్ళకు, తోటలకు బయలుదేరేవి. 1948 తరువాత ఆదివారం సెలవుదినమైంది. మదర్సాలలో మాత్రం నేటికీ సెలవు శుక్రవారమే.

ఇక్కడే చాలా ఇళ్ళలో ఒక చిక్కు వస్తోంది. మదర్సాల వార్షిక సెలవులు షాబాన్ నెలాఖరున మొదలై షవ్వాల్ మొదటి పది రోజుల దాకా ఉంటాయి. స్కూళ్ళ సెలవులు ఎండను బట్టి వస్తాయి. 2018లోనూ 2019లోనూ రంజాన్ మే నెలలో వచ్చింది కనుక రెండు సెలవులూ కలిసిపోయాయి. మదర్సాలో చదివే అన్న, స్కూల్లో చదివే తమ్ముడు కలిసి ఊరికి వెళ్ళగలిగారు. కానీ చాంద్రమాన సంవత్సరం ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి 2న ఉపవాసాలు మొదలై మార్చి 31న ఈద్ వచ్చింది. స్కూళ్ళకు వేసవి సెలవులు ఇచ్చింది ఏప్రిల్ 24న. అంటే అన్న మదర్సాకు తిరిగి వెళ్ళిపోయాక గానీ తమ్ముడికి సెలవులు రాలేదు. మే నెలలో రంజాన్ మళ్ళీ రావాలంటే సుమారు 33 ఏళ్ళ చక్రం తిరగాలి. అప్పటికి ఈ పిల్లలే తండ్రులై ఉంటారు. కాబట్టి సెలవులు వాటంతటవే కలుస్తాయని ఎదురుచూడకుండా, ఈద్ తరువాతి నాలుగు రోజులనో, బక్రీద్ సెలవులనో అందరూ కలిసి ఊరికి వెళ్ళే రోజులుగా ముందే నిర్ణయించుకోవడం వివేకం.

ఆఖరీ చహార్‌షంబా సంగతి

దక్కనులో పచ్చికబయళ్ళకు వెళ్ళడానికి ఒక ప్రత్యేకమైన రోజే ఉండేది. సఫర్ నెల చివరి బుధవారం. దానినే 'ఆఖరీ చహార్‌షంబా' అంటారు. ఆ రోజు తలస్నానం చేసి, కొత్తబట్టలు కట్టుకుని, గుల్‌గులే వండుకుని తోటలకు వెళ్ళేవారు. పచ్చగడ్డి మీద నడిస్తే మేలు జరుగుతుందని నమ్మేవారు. ఈ ఆచారం ఈనాటిది కాదు. మన ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కను ముస్లింల ఆచారవ్యవహారాల మీద రాసిన 'ఖానూనె ఇస్లాం' అనే గ్రంథాన్ని హెర్‌క్లోట్స్ అనే వైద్యుడు ఆంగ్లంలోకి మార్చగా అది 1832లో వెలువడింది. అందులోనే ఈ రోజు గురించిన వర్ణన ఉంది.

దైవప్రవక్త (స) ఆ రోజున జబ్బు నుంచి కోలుకుని బయటికి వెళ్ళారన్నది ఈ ఆచారానికి జనం చెప్పుకునే కారణం. అయితే దీనికి హదీసులలో ఆధారం లేదని భిన్న మస్లక్‌లకు చెందిన ఉలమాలు స్పష్టంగా రాశారు. పైగా సీరత్ గ్రంథాలను చూస్తే హిజ్రీ 11వ సంవత్సరం సఫర్ నెల చివరి రోజుల్లోనే ప్రవక్త (స) అంతిమ అస్వస్థత మొదలైంది. తదుపరి నెల రబీవుల్ అవ్వల్‌లో ఆయన పరమపదించారు. అస్వస్థత మొదలైన రోజులను కోలుకున్న పండుగగా జరుపుకోవడం ఎలా సబబు?

అలాగని తోటకు వెళ్ళడమే తప్పని దీని అర్థం కాదు. గడ్డి మీద నడవడానికి, బిడ్డలతో చెట్ల కింద కూర్చోవడానికి ఏ తేదీ అవసరం లేదు. అది 'ముబాహ్', అంటే ధర్మం అనుమతించిన పని. ఏ బుధవారమైనా వెళ్ళవచ్చు, ఏ ఆదివారమైనా వెళ్ళవచ్చు. ఆ రోజుకే ఏదో మహిమ ఉందనే నమ్మకం మాత్రమే విడిచిపెట్టదగినది.

ప్రవక్త (స) బాల్యంలో పల్లె

భూమిలో సంచరించి, సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ అన్‌కబూత్ సూరా మనిషిని ఆహ్వానిస్తుంది. ప్రవక్త (స) జీవితంలో పల్లెకు, పచ్చదనానికి ఉన్న స్థానం తెలిస్తే మన పిల్లల సెలవులకు కొత్త అర్థం కనబడుతుంది.

మక్కా పట్టణంలోని ఉన్నత కుటుంబాలు పసిబిడ్డలను ఎడారి పల్లెలకు పంపేవి. స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన అరబీ భాష అలవడతాయని వారి భావన. ప్రవక్త (స) బనూ సఅద్ తెగకు చెందిన హలీమా గారి ఒడిలో, గొర్రెల మధ్య, ఆరుబయట పెరిగారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా ఆయన్ను వెంటబెట్టుకుని యస్రిబ్, అంటే నేటి మదీనాకు వెళ్ళారు. అక్కడ ఉన్నది బనూ నజ్జార్. తాతగారు అబ్దుల్ ముత్తలిబ్ మేనమామల వంశం, అంటే తాతగారి ననిహాల్. తల్లీబిడ్డలు అక్కడ ఒక నెల ఉన్నారు. ఆ దినాలలో ఆయన తోటి పిల్లలతో ఆడుకున్నారని, బనూ అదీ వారి నీటిలో ఈత నేర్చుకున్నారని ఇబ్నె సఅద్ తన గ్రంథంలో నమోదు చేశారు. తిరుగు ప్రయాణంలో అబ్వా అనేచోట తల్లి కన్నుమూశారు. నలభై ఏడేళ్ళ తరువాత హిజ్రత్ చేసి అదే ఊరికి వచ్చినప్పుడు ఆయన ఆ ఇళ్ళను గుర్తుపట్టి, ఆ బాల్యపు ఆటలను జ్ఞాపకం చేసుకున్నారు.

ఒక్క నెల! బంధువుల ఊళ్ళో గడిపిన ఒక్క నెల జ్ఞాపకం ఆ మహనీయుని హృదయంలో అన్ని దశాబ్దాలు నిలిచింది. తల్లితో కలిసి చేసిన చివరి ప్రయాణం అదే కావడం వల్ల దాని విలువ మరింత పెరిగింది. నేడు మనం పిల్లలకు ఇస్తున్న సెలవులలో నలభై ఏళ్ళ తరువాత గుర్తుపట్టదగిన ఇల్లు ఏదైనా ఉంటుందా? అద్దెకు తీసుకున్న ఈతకొలను పేరు వచ్చే ఏడాదికే మరచిపోతారు. ఈత నేర్పిన మామూ చేతులు మాత్రం ముసలితనం దాకా గుర్తుంటాయి.

నబువ్వత్ బాధ్యతలు మోస్తున్న రోజుల్లో కూడా ప్రవక్త (స) అప్పుడప్పుడూ ఊరి బయట నీటివాగుల వైపు వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒకసారి అలా బయలుదేరినప్పుడు, ఇంకా స్వారీకి మచ్చిక కాని ఒంటెను ఆమెకు పంపి, దానితో మృదువుగా మెలగమని బోధించారు. అబూదావూద్ హదీసు గ్రంథంలో ఇది ఉంది. మరొక ప్రయాణంలో ఆ దంపతులు పరుగుపందెం పెట్టుకున్న సంగతీ అదే గ్రంథంలో ఉంది. ఒకసారి ఆమె గెలిచారు, తర్వాతి కాలంలో ఒకసారి ఆయన గెలిచారు. విహారంలో ఇంటి ఇల్లాలికి భాగం ఉండాలనడానికి, నోరులేని జీవం పట్ల కరుణ ఉండాలనడానికి ఇంతకంటే ఆదర్శమేముంటుంది?

సెలవు ఎవరికి?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ననిహాల్ గురించి మనం ఎంత ముచ్చటగా చెప్పుకున్నా, ఆ ముచ్చట వెనుక పొయ్యి దగ్గర చెమటోడ్చిన స్త్రీ ఒకరు ఉన్నారు. పదిహేను మంది పిల్లలు, వారి తల్లులు, మధ్యలో వచ్చిపోయే అల్లుళ్ళు. అందరికీ రెండు పూటలా వండింది ముమానీ. నీళ్ళు తోడింది ఆమే, పక్కలు వేసింది ఆమే. అందరికీ సెలవులు, ఆమెకు మాత్రం రెట్టింపు పని. తన పుట్టింటికి ఆమె ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ అడగలేదు.

ఫాంహౌస్ విహారాల్లోనూ పరిస్థితి పెద్దగా మారలేదు. పురుషులు కబుర్లలో, పిల్లలు నీళ్ళలో, స్త్రీలు బగారా అన్నం దేగిసా దగ్గర. మగవాళ్ళు ఒక పూట పొయ్యి బాధ్యత తీసుకుంటే షరీఅత్‌కు వచ్చే లోటేమీ లేదు. ఇంటి పనుల్లో ప్రవక్త (స) పాలుపంచుకునేవారని హదీసులు చెబుతున్నాయి.

అతిథి ధర్మాన్ని కూడా మనం సగమే గుర్తుపెట్టుకున్నాం. అతిథిని గౌరవించాలన్నది అందరికీ తెలుసు. కానీ ఆతిథ్యం మూడు రోజులని, ఆ తరువాత పెట్టేది దానం కిందికి వస్తుందని, ఆతిథేయుణ్ణి ఇబ్బందిలో పడేసేంత కాలం ఉండిపోవడం అతిథికి తగదని బుఖారీ గ్రంథంలోని హదీసు తెలియజేస్తోంది. నెల రోజులు ఉండదలచినవారు బియ్యం, నూనె తీసుకెళ్ళండి. ఖర్చులో పాలు పంచుకోండి. పనిలో చేయి వేయండి. పల్లెలో ఉన్న బంధువు బీదవాడైతే ఇది మరింత అవసరం. ఒకసారి ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) ఆకలితో ఒక అన్సారీ సహచరుని తోటకు వెళ్ళారు. ఆయన సంబరపడి ఖర్జూర గెల తెచ్చి ముందుపెట్టి, కత్తి చేతబట్టారు. పాలిచ్చే మేకను మాత్రం కోయవద్దని ప్రవక్త (స) వారించారు. మన రాక వల్ల ఆ ఇంటి పాడి పోకూడదు. ఈ ఒక్క సంఘటనలో అతిథి నేర్చుకోవలసినదంతా ఉంది.

తోట, చెరువు, బావి

పరాయి తోటలోకి వెళ్ళిన బాటసారి అక్కడ తినవచ్చు గానీ కొంగులో కట్టుకుపోకూడదని తిర్మిజీలో ఒక హదీసు ఉంది. ఇది కూడా యజమాని అనుమతిని, ఆ ప్రాంతపు వాడుకను బట్టి ఉంటుందని ఫుఖహా వివరించారు. రోడ్డు పక్కన కారు ఆపి, ఎవరిదో తెలియని చేనులో పది కంకులు విరుచుకుని ఫోటో దిగి వెళ్ళడం విహారం కాదు, పరుల హక్కును కాజేయడం. 'ఇద్దరు ముగ్గురు పిల్లలే కదా' అనుకుంటాం. ఆదివారం ఆ దారిన వచ్చే కార్లన్నిటినీ లెక్కవేస్తే రైతుకు ఎంత నష్టమో తెలుస్తుంది.

నీడనిచ్చే చోట, నడిచే దారిలో, నీటి ఒడ్డున మలమూత్ర విసర్జన చేయడాన్ని శాపం కొనితెచ్చుకునే పనిగా ప్రవక్త (స) వర్ణించారు. ప్లాస్టిక్ పళ్ళేలు, ఎముకలు, పిల్లల డైపర్లు చెరువుగట్టున పారేసి రావడానికీ ఇదే సూత్రం వర్తించదా? పాలిథిన్ సంచి తిని పశువు చస్తే ఆ పాపం ఎవరిది? వెళ్ళేటప్పుడు రెండు ఖాళీ గోనెసంచులు వెంట తీసుకెళ్ళి, చెత్తంతా వాటిలో నింపుకుని తిరిగి తెచ్చుకోవడం కష్టమైన పనేమీ కాదు.

మా ప్రాంతపు నీటి గురించి ఒక హెచ్చరిక కూడా చేయాలి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో చేరి, ఆ వాగు మంజీరలో కలిసిన కథ పాతదే. ఇక్కడి రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రకటించారు. శుద్ధి చేశామన్న నీటి సంగతి అది. ఇటువంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మక్రిములు పెరుగుతాయని వైద్యశాస్త్రం చెబుతోంది. కనుక పైకి తేటగా కనిపించినంత మాత్రాన ఏ వాగులోనైనా పిల్లలను దించకండి, వజూ చేయకండి, చేపలు పట్టి తినకండి. ముందు ఊరివారిని అడగండి. ఏ నీరు మంచిదో, ఏది కాదో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అంతకంటే పెద్ద ప్రమాదం లోతు. సెలవుల్లో పట్నం పిల్లలు చెరువుల్లో, క్వారీ గుంతల్లో, వ్యవసాయ బావుల్లో మునిగి చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. 2025 జనవరి 11న సిద్దిపేట జిల్లా కొండపోచమ్మ సాగర్‌కు హైదరాబాదు నుంచి ఏడుగురు యువకులు విహారానికి వెళ్ళారు. తిరిగి వచ్చింది ఇద్దరే. ఈత రానివాళ్ళను నీళ్ళలోకి పంపకండి. ఈత వచ్చినవాళ్ళు కూడా కొత్త నీటిలో దిగవద్దు. సెల్ఫీల కోసం గట్టు అంచున నిలబడవద్దు. ఒకరు మునుగుతుంటే మిగిలినవారు చేతులు పట్టుకుని దూకడం వల్లనే చావులు పెరుగుతాయి. తాడు విసరాలి, దుప్పటి అందించాలి, కేకలు వేసి ఊరివారిని పిలవాలి. ప్రాణరక్షణ షరీఅత్ ప్రధాన లక్ష్యాలలో ఒకటన్న సంగతి పెద్దలు గుర్తుంచుకోవాలి.

విహారంలో నమాజు

విహారానికి వెళ్ళినప్పుడు నమాజు తప్పిపోవడం తరచుగా జరిగేదే. జొహర్ వేళకు వంట, అసర్ వేళకు ఆట, మగ్రిబ్ వేళకు దారిలో ట్రాఫిక్. పరిశుభ్రమైన నేల ఎక్కడైనా నమాజుకు యోగ్యమైనదే. పొలం గట్టు మీద జానమాజ్ పరిస్తే చాలు. మన ప్రాంతంలో ఖిబ్లా పడమరకు కొంచెం ఉత్తరంగా ఉంటుంది.

"ప్రయాణంలో ఉన్నాం కదా, ఖస్ర్ చేయవచ్చా?" అని చాలామంది అడుగుతుంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఊరి పొలిమేర దాటి 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరం వెళ్ళే ఉద్దేశంతో బయలుదేరినప్పుడే నాలుగు రకాతుల ఫర్జ్ రెండు అవుతుంది. హైదరాబాదు నుంచి వెలిమెల, గండిపేట, శంకరపల్లి వెళ్ళినవారికి ఇది వర్తించదు. పూర్తి నమాజు చేయాలి. అంతకుమించిన దూరంలో ఉన్న బంధువుల ఊరికి వెళ్ళి, పదిహేను రోజుల కంటే తక్కువ ఉండదలచినవారు ఖస్ర్ చేస్తారు. పదిహేను రోజులు, ఆపైన ఉండదలచినవారు పూర్తిగా చేస్తారు. సొంత ఊళ్ళో స్థిరనివాసం ఉన్నవారు ఒక్క పూట వెళ్ళినా పూర్తి నమాజే. ఇతర మస్లక్‌ల వారు తమ ఇమాముల నుంచి తెలుసుకోవచ్చు.

ఊరి రుణం

పల్లెను వెతుక్కుంటూ వచ్చే పట్నవాసుల పక్కనే, పల్లెను వదిలి పని వెతుక్కుంటూ వచ్చినవారు కూడా ఈ ప్రాంతంలో ఉన్నారు. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు ఎందరో. ఈద్‌కో, ఛఠ్ పండుగకో దొరికే నాలుగు రోజుల సెలవు కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. రిజర్వేషన్ దొరక్కపోతే జనరల్ బోగీలో నిలబడే వెళ్తారు. వారికి ఊరంటే పచ్చదనం కాదు. తల్లి, భార్య, తండ్రిని మరచిపోతున్న పసిబిడ్డ. మనకు గంట దూరంలో ఉన్న ఊరికి వెళ్ళడానికి తీరిక లేదనుకునేటప్పుడు వీరిని ఒకసారి తలచుకుందాం.

తెలంగాణ పల్లెల్లో ఇంకొక సంపద ఉంది. అది వావివరుస. మతం వేరైనా కాకా, మామా, వదినె, చెల్లె అని పిలుచుకోవడం. పీర్ల పండుగకు ఊరంతా ఒక్కటి కావడం. ఫలానా వారి మనవడు వచ్చాడని తెలియగానే పక్కింటి అవ్వ ఆపేక్షగా చేతిలో నాలుగు జామకాయలు పెట్టడం. అపార్ట్‌మెంటులో పెరిగిన పిల్లలకు ఇది పుస్తకంలో చెబితే అర్థం కాదు. అనుభవించాలి. ఇరుగుపొరుగు మీద అనుమానాలు పెంచే మాటలు సెల్‌ఫోనులో పొద్దస్తమానం వచ్చిపడుతున్న ఈ రోజుల్లో, ఆ నాలుగు జామకాయలు పిల్లల మనసుకు రక్షణ.

కాబట్టి ఈ సెలవుల్లో ఫాంహౌస్‌కు వెళ్ళేవారు వెళ్ళండి. కానీ ఒక రోజైనా మీ సొంత ఊరికి కేటాయించండి. అక్కడ ఇల్లు లేకపోవచ్చు. మస్జిద్ ఉంటుంది, ఖబరస్తాన్ ఉంటుంది. తాతముత్తాతల సమాధుల వద్ద నిలబడి దుఆ చేయండి. ఆ ఖబరస్తాన్ హద్దురాళ్ళు ఉన్నాయో లేదో చూడండి. భూమి ధర గజాల్లో పలుకుతున్న ఈ ప్రాంతంలో, వారసులు రాని ఖబరస్తాన్ ఎన్నాళ్ళో మిగలదు. ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క ముస్లిం కుటుంబం అయినా సరే, వారింటికి వెళ్ళి సలాం చెప్పి రండి. ముసలి ఫుప్పూ ఎవరైనా ఒంటరిగా ఉంటే ఆమె పక్కన ఒక రాత్రి పడుకోండి. ఆమెకు అదే ఈద్. పిల్లలకు ఆ ఇంటి దూలం, బావి, చింతచెట్టు చూపించి 'ఇది మీ నానీ పుట్టిన చోటు' అని చెప్పండి.

బంధుత్వాలను కలిపి ఉంచడాన్నే ధర్మం 'సిలా రహ్మీ' అంటుంది. దానివల్ల ఉపాధిలో సమృద్ధి, ఆయుష్షులో శుభం కలుగుతాయని ప్రవక్త (స) శుభవార్త వినిపించారు. సెలవులు ఎటూ గడిచిపోతాయి. గడిచినవాటిలో పిల్లలకు మిగిలేది వాళ్ళు చూసిన మనుషులే. ఆ మనుషుల దగ్గరికి తీసుకువెళ్ళే భాగ్యాన్ని, తీరికను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.